రెండున్నర సెకన్ల ఖాళీ

ఆముదాలవలస నుంచి నెలకోసారి ఫోన్ చేసి
"ఇంకెప్పుడండీ" అని అడిగే ఎర్రయ్య గారూ,
మీ వెనక నిలబడి వినే మిగతా పదిమందీ,
శుక్రవారం.
ఈసారి నిజంగానే శుక్రవారం.

వేసవిలో ఇదే మాటన్నాను, వినాయక చవితికీ అన్నాను.
గుమ్మడికాయ కొట్టి పదకొండు నెలలైంది.
దాని గింజలు ఈ వీధిలోనే ఎక్కడో మొలిచి
ఈపాటికి కాపుకొచ్చి ఉంటాయి.

సాలిగ్రామంలో ఉన్నాను. బయట నవంబరు వాన.
ఆర్కాట్ రోడ్డు నిండా మెట్రో తవ్విన గుంటలు,
గుంటల్లో ఆటోలు,
ఒక ఆటోలో నా ఒళ్లో, ప్లాస్టిక్ సంచీలో చుట్టిన సినిమా.
అలా వచ్చి చేరాం, నేనూ అదీ.

మిక్సింగ్ గదిలో బెనడిక్ట్ కంబళి కప్పుకుని
మీటలు జరుపుతున్నాడు.
మేమిక్కడ చేసే పనల్లా
జోకు పక్కన కాస్త ఖాళీ వదలడం.
మీరు నవ్వుతారని,
ఆ నవ్వులో తర్వాతి మాట మునిగిపోతుందని,
రెండున్నర సెకన్లు.
మీరు నవ్వలేదనుకోండి,
ఆ రెండున్నర సెకన్లూ నేను హాల్లో వెనక వరసలో
పెళ్లివారు దిగని విడిదింట్లో
మంచినీళ్ల కూజాలు సర్దేవాడిలా ఉంటాను.

కథ చెప్పకూడదు. కొంచెం చెప్తాను.
పైడిరాజుది సామాన్లు అద్దెకిచ్చే కొట్టు.
వంద కుర్చీలు పంపితే తొంభై తొమ్మిది తిరిగొస్తాయి.
ఆ ఒక్కదాని కోసం మూడు ఊళ్లు తిరుగుతాడు.
"కుర్చీకి ఎవడు నవ్వుతాడయ్యా"
అన్నాడు డబ్బు పెట్టిన పెద్దమనిషి.
"ఖాళీగా ఉంటే ఎవరూ నవ్వరు సార్" అన్నాను.
ఆయనా నవ్వలేదు.

నవ్వు నాలుగు విధాల చేటనేది మా అమ్మమ్మ.
మూడు నాకు తెలిసొచ్చాయి:
అప్పు, అల్సరు, ఏడాదిలో రెండిళ్లు మారడం.
నాలుగోది శుక్రవారం తెలుస్తుంది.

అసలు చెప్పాల్సింది ఇది.
మొన్న మధ్యాహ్నం తొమ్మిదిమందికి వేసి చూపించాం.
మావాళ్లంతా సరిగ్గా నవ్వాల్సిన చోటే నవ్వారు,
జీతం బాకీ ఉన్నవాళ్లు మరీ గట్టిగా.
గది ఊడవడానికొచ్చిన పొన్నుత్తాయి
చీపురు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.
తెలుగు రాదు.
నేను నెలలు కూర్చుని చెక్కిన జోకులన్నీ
స్టాపులో ఆపని వడపళని బస్సుల్లా
ఆమెను దాటుకుని వెళ్లిపోయాయి.

సెకండాఫ్‌లో ఒక చోట పైడిరాజు ఒక్కడే,
తిరిగొచ్చిన కుర్చీని తువ్వాలుతో తుడుస్తాడు,
ఒకడుగు వెనక్కేసి చూస్తాడు,
మళ్లీ తుడుస్తాడు.
మాట లేదు, జోకు లేదు.
మీకు కాస్త దిగులు పుట్టాలని వీణ పెట్టించాను.
ఆమె ఫక్కుమంది.

లైట్లు వేశాక అడిగాను.
"మా ఇంటాయన ఇంతే సార్, ఆటో సీటుని.
రోజూ పొద్దున్నే, సామి విగ్రహాన్ని తుడిచినట్టు.
తుడిచాక నన్ను మాత్రం ఎక్కనివ్వడు"
అని తమిళంలో చెప్పి, మళ్లీ నవ్వి,
మా కాళ్ల కింద ఊడవడం మొదలెట్టింది.

ఆ రాత్రే వీణ తీసేయించాను.
వాయించిన విశ్వేశ్వరం గారు ఇంకా మాట్లాడ్డం లేదు.
"ఇక్కడెంత ఖాళీ?" అన్నాడు బెనడిక్ట్.
"రెండున్నర."
"జోకేదీ ఇక్కడ?"
"ఉందట" అన్నాను.

కాబట్టి ఎర్రయ్య గారూ, ఒక్క మనవి.
శుక్రవారం మ్యాట్నీలో ఆ చోటొచ్చినప్పుడు
మీ వెనకెక్కడో ఒకే ఒక్కరు నవ్వితే
తిరిగి చూడకండి.
వాళ్లింట్లో అలాంటి తువ్వాలొకటి ఉండి ఉంటుంది.

ఎవరూ నవ్వకపోతే
వెంటనే ఫోన్ చెయ్యకండి.
నెలాగి చెయ్యండి, ఎప్పటిలాగే.